ఖర్చు లేని మనిషి

ఆ రోజు నేను చేసిన తప్పులు రెండు. ఒకటి కాగితం మీద రాశాను, ఇంకొకటి నోటితో అన్నాను. రాసినదానికి ఏదో ఒక సాకు దొరుకుతుంది, అది మా నాన్న దగ్గర నేర్చుకున్న లెక్క. అన్న మాటకు మాత్రం ఇన్నేళ్ళలో నాకు ఏ సాకూ దొరకలేదు.

మా ఊరు ప్రత్తిపాడుకు దగ్గర. నల్లరేగడి నేల, పత్తి, మిరప. కిలోలు వచ్చి అప్పటికి కొన్నాళ్ళయినా ఊళ్ళో ఇంకా అందరూ వీశెలతోనే మాట్లాడుకునే రోజులు. నేను గుంటూరులో కాలేజీ చదువు సగంలో ఆపేసి ఇంటికి వచ్చాను. ఆపేశాను అంటున్నాను గానీ, నిజానికి పరీక్ష పోయింది. అమ్మా నాన్నా అప్పటికే కాలం చేశారు. ఉన్న కాస్త పొలం కౌలుకిచ్చి, కొత్తగా పెళ్ళయిన వాణ్ణి కనుక ఏదో ఒకటి చేస్తున్నట్టు కనబడాలని తిరుగుతున్నాను.

మా ఇంట్లో మేనత్త ఉండేది. నాన్నకు అక్క. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోతే పుట్టింటికి వచ్చి, ఇక ఎక్కడికీ వెళ్ళలేదు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. పిల్లిని తిట్టినా, దేవుడికి దణ్ణం పెట్టినా ఒకే గొంతు.

ఆమె చేతి పండుమిరప పచ్చడి మా చుట్టాలందరికీ తెలుసు. పొలంలో కాయ పండి ఎర్రబారే రోజుల్లో ఏరి తెచ్చిన కాయల్ని తడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, తొడిమలు తీసి, ఉప్పూ పసుపూ చింతపండూ వేసి రోట్లో దంచేది. జాడీకెత్తి, మూడోనాడు మళ్ళీ తిరగదంచి మెంతిపిండి కలిపేది. ఏడాది పొడుగునా రంగు మారేది కాదు. గుంటూరు నుంచి ఎవరొచ్చినా తిరిగి వెళ్ళేటప్పుడు ఖాళీ గిన్నె ముందుకు తోసేవాళ్ళు.

ఆ గిన్నెల్ని చూసే నాకు ఆలోచన వచ్చింది. ఊరికే ఇచ్చేదాన్ని గుంటూరులో అమ్మితే? మా మేనమామ అక్కడ పత్తి మిల్లులో గుమాస్తా. ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పాను. పెట్టుబడి ఆయన పెడతాడని ఆశ.

"నోటి మాటలు నాకొద్దురా" అన్నాడు మామయ్య. "కాగితం మీద పెట్టు. ఏం చేస్తావు, ఎవరు కొంటారు, దేంట్లో పోసి అమ్ముతావు, పాడైతే ఏం చేస్తావు, నష్టమొస్తే ఎక్కడ ఆగుతావు. అంతా రాసి పెట్టుకో. నేను వచ్చి వింటాను. నచ్చితే సరే, నచ్చకపోతే భోంచేసి వెళ్ళిపోతాను."

ఇంటికి వచ్చి అత్తతో చెప్పాను. ఆమె రోటి దగ్గర కూర్చుని ఉంది.

"నా పచ్చడికి రేటు కడతావంట్రా? కట్టు కట్టు. అయితే నాక్కూడా ఓ వాటా పడెయ్. చచ్చేలోపు ఒక్కసారైనా ఎవర్నీ అడక్కుండా ఒక రూపాయి ఖర్చు పెట్టుకోవాలనుంది."

"నీకు రూపాయి దేనికత్తా? ఇక్కడ నీకేం తక్కువైంది?"

"తక్కువైందని నేనన్నానా? నాదని ఒకటుండాలన్నాను."

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది కనుక హాస్యమే అనుకున్నాను. ఆ మాట ఆమె మనసులో ఎన్నేళ్ళ నుంచి నానుతున్నదో అడగలేదు.

స్కీము రాయడంలో పడ్డాను. అప్పట్లో ఇలాంటి కాగితానికి అందరూ స్కీము అనే అనేవాళ్ళు. గవర్నమెంటు వాళ్ళ నోట విని పట్టుకున్న మాట. నిజం చెప్పాలంటే ఆ రోజులు నాకు చాలా సంతోషంగా గడిచాయి. పరీక్ష పోయినవాడికి మళ్ళీ పెన్ను పట్టుకుని కూర్చునే అవకాశం వచ్చింది. పొద్దున్నే అరుగు మీద చాప వేసుకుని రాసేవాణ్ణి. మా ఆవిడ వచ్చి, "ఏమండీ, ఇవాళ ఎన్ని సీసాలు అమ్మారు?" అని అడిగి లోపలికి పోయేది.

ఒక చిన్న జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టి బస్సులో గుంటూరు పట్టుకెళ్ళాను. దారిలో గతుకులకు వాసెన జారి, బస్సంతా ఘాటు. కండక్టరు తుమ్ముతూ, "ఎవరయ్యా, బస్సులో తాలింపు పెడుతోంది?" అని అరిచాడు. దిగేలోపు ఇద్దరు ప్రయాణికులు ఇది ఎక్కడ దొరుకుతుందని అడిగారు. ఆ సంగతి కూడా స్కీములో రాశాను.

గుంటూరంతా తిరిగాను. కుటుంబాలున్న వాళ్ళు కొనరని తేలింది. ప్రతి ఇంట్లోనూ ఒక అత్తో అమ్మో ఉంది, ప్రతి అమ్మకూ తన పచ్చడే గొప్ప. గదుల్లో ఉండి వండుకునే కాలేజీ కుర్రాళ్ళు, ఉద్యోగాల కోసం వేరే ఊళ్ళ నుంచి వచ్చిన వాళ్ళు, భోజనం హోటళ్ళు, వీళ్ళే మా గిరాకీ. జాడీలు అమ్మలేం. అందుకని పాత సామాను కొట్లో గాజు సీసాలు కొని, ఉడికించి, ఎండబెట్టాలని రాశాను. ఉప్పు చినగంజాం నుంచి. చింతపండు కొత్తది. తడి తగిలి బూజు పడితే ఆ జాడీ మొత్తం పారబోయడమే, పైన తీసేసి కింద అమ్మడం లేదు. ఈ చివరి వాక్యం అత్త చెప్పింది, నేను రాశాను.

ఇక ఖర్చుల దగ్గరికి వచ్చాను. ఇక్కడ మా నాన్న నా చేత రాయించాడని చెప్పుకోవాలి. పంట అయ్యాక ఆయన అరుగు మీద కూర్చుని సాగు ఖర్చు చెబుతుంటే చిన్నప్పటి నుంచి నేనే రాసేవాణ్ణి. విత్తనం, ఎరువు, దుక్కి, కలుపు కూలి, కోత కూలి. అమ్మా అత్తా రోజంతా కలుపు తీసినా ఆ పద్దులో ఉండేవాళ్ళు కాదు. "సొంత కష్టం లెక్కలోకి రాదురా" అనేవాడు నాన్న. మా ప్రాంతంలో ఏ రైతును అడిగినా అంతే. సొంత కష్టానికి లెక్క కడితే ఏ ఏడూ వ్యవసాయం గిట్టదు, అందుకని ఎవరూ కట్టరు.

నేనూ ఆ ప్రకారమే రాశాను. కాయలు తుడవడానికీ తొడిమలు తీయడానికీ ఇద్దరు ఆడకూలీలు. దంచడం, కలపడం, జాడీకెత్తడం, రోజూ చూసుకోవడం: మేనత్త. ఇంటి మనిషి కనుక ఖర్చు లేదు.

ఆదివారం మామయ్య వచ్చాడు. భోజనమయ్యాక వేపచెట్టు నీడలో నులకమంచం మీద కూర్చున్నాడు. నేను ఎదురుగా నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా చదివాను. మా ఆవిడ గుమ్మంలో ఉంది. అత్త మామయ్యకు మజ్జిగ తెచ్చి, చెంబు పట్టుకుని అక్కడే నిలబడింది. తన గురించి ఏం రాశానో వినాలని నిలబడిందని ఇప్పుడు తెలుస్తుంది.

బస్సు సంగతికి మామయ్య పడీపడీ నవ్వాడు. సీసాల దగ్గర తలూపాడు. కూలీ పద్దు వినగానే "భేష్!" అన్నాడు. "అసలు ఖర్చంతా అక్కడే తప్పించావు. బాగుంది. మరి మీ అత్తకి పనెక్కువైపోదా?"

ఆ భేష్ నా తలకెక్కింది. పరీక్ష పోయిన దగ్గర్నుంచి నన్ను ఎవరూ మెచ్చుకోలేదు మరి.

"అత్తకేం పని మామయ్యా? ఇంట్లో కూర్చుని తినడమేగా. కాస్త కాలక్షేపం అవుతుంది" అన్నాను.

మామయ్య మజ్జిగ తాగాడు. అత్త ఆయన చేతిలోని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ సాయంత్రం ఆమె గొంతు వీధిలోకి కాదు, పక్క గదిలోకి కూడా వినబడలేదు. నేను గమనించలేదు. పెట్టుబడి ఖాయమైందన్న ఆనందంలో రెండుసార్లు అన్నం కలుపుకుని తిన్నాను.

మర్నాడు నేను లేచేసరికి పెరట్లో ఎవరూ లేరు. పొయ్యి దగ్గర మా ఆవిడ ఒక్కతే ఉంది.

"అత్తేది?"

"మిరప కోతకి వెళ్ళారు."

"మన కౌలు చేలోకా? ఇవాళ అక్కడ కోత లేదే?"

"మన చేలోకి కాదులెండి. డొంక అవతల మోతుబరి గారి చేలోకి. కూలికి. చద్ది కట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, పేట వాళ్ళతో కలిసి వెళ్ళారు."

"నువ్వు ఆపలేదా?"

"నేనెలా ఆపుతానండీ? ఇంట్లో కూర్చుని తినడం మాన్పించింది మీరు."

చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తాను. మా ఇళ్ళలో ఆడవాళ్ళు సొంత చేలో ఎంత చాకిరీ అయినా చేస్తారు, పరాయి చేలో కూలికి దిగితే మాత్రం ఆ ఇల్లు పడిపోయిందని అర్థం. దారిలో ఎదురైనవాళ్ళు నా ముఖం చూస్తున్నట్టే తోచింది.

చేలో ఆడవాళ్ళు సాలుకొకరు చొప్పున వంగి కోస్తున్నారు. పేట వాళ్ళు, నిన్న ఆదివారం చర్చిలో పాడిన కీర్తన ఇవాళ కోతలో పాడుకుంటున్నారు. వాళ్ళ మధ్య అత్త. పాట రాకపోయినా పెదాలు కదుపుతోంది.

ముఠాను నడిపే పెద్దావిడ నన్ను చూసి పాట ఆపింది.

"ఓయమ్మో, స్కీము అబ్బాయి వచ్చాడే! ఏం బాబూ, మేనత్తని కూలికి పంపావా? కోడలు అన్నం పెట్టట్లేదా ఏంది?"

అందరూ నవ్వారు. నేను అత్త పక్కకు వెళ్ళి గొంతు తగ్గించి అన్నాను.

"ఇంటికి రా అత్తా. ఊళ్ళో నవ్వుతున్నారు."

"నవ్వనీ. నవ్వినందుకు కూలేం అడగరుగా."

"తప్పయిపోయింది, రా."

"ఏం తప్పయింది? నువ్వు సరిగానే రాశావు. ఇంట్లో చేస్తే ఖర్చు లేదు. ఇక్కడ చేస్తే సాయంత్రానికి లెక్క కట్టి చేతిలో పెడతారు. రెండు చోట్లా ఒకే చేతులు. పక్కకి జరుగు, సాలు తొక్కుతున్నావు."

ఊళ్ళో నవ్వుతున్నారనే మాట ఎందుకు ముందు వచ్చిందా అని తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. ఆమె మనసు నొచ్చిందని కాకుండా నా పరువు పోతోందని పరుగెత్తాను. అప్పుడు మాత్రం అంత తెలియలేదు. ఆమె రాదని తెలిసింది, ఒంటరిగా ఇంటికి వెళ్ళే ధైర్యం లేదు. పంచె ఎగ్గట్టి పక్క సాలులో వంగాను.

కాసేపటికే పెద్దావిడ నా బుట్టలోకి తొంగిచూసింది. "ఏంది బాబూ ఇది, తొడిమ ఊడగొట్టి వేస్తున్నావు! కల్లంలో గింజంతా రాలిపోద్ది. రైతుబిడ్డవేనా?" నా సాలు అందరికన్నా వెనక పడింది. చెమట కంట్లోకి దిగితే చేత్తో తుడుచుకున్నాను. ఆ తర్వాత నాకు చేను లేదు, ఆకాశం లేదు. గట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. చుట్టూ ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

ఎవరో నా తల వెనక్కి వంచి కళ్ళలో నీళ్ళు పోశారు. తర్వాత చేతుల మీద చల్లగా మజ్జిగ పడింది. అత్త తన చద్దిలోని మజ్జిగ.

"కాలేజీలో ఇది చెప్పలేదంట్రా? మిరప చేలో కళ్ళు భుజంతో తుడుచుకోవాలి" అంది. నిన్న మధ్యాహ్నం నుంచి ఆమె గొంతు మొదటిసారి గట్టిగా వినబడింది.

మధ్యాహ్నం గట్టు మీద ఆమె చద్ది ఇద్దరం తిన్నాం. అప్పుడు అడిగాను, "నీకు కూలి ఎంత రాయమంటావత్తా? చెప్పు, అంతే రాస్తాను."

"కూలి ఎవడిక్కావాలిరా? కూలికైతే ఈ చేను చాలదా?" ముద్ద నోట్లో పెట్టుకుని తీరిగ్గా నమిలింది. "వాటా కావాలి. మీ మామ డబ్బు పెడుతున్నాడు, ఆయనకో వాటా. నువ్వు తిరిగి అమ్ముతావు, నీకోటి. నేను చేస్తాను, నాకోటి. లాభమొస్తే లాభం. నష్టమొస్తే నా వంతు నష్టం కూడా నా మీద రాయి."

"నష్టం నీకెందుకు?"

"నష్టం పంచుకోని మనిషి మాట ఎవడు వింటాడు? రేపు జాడీ పారబొయ్యమని నేనంటే, నీకేం పోయిందని నువ్వంటావు. మీ నాన్న అనలా?"

నాన్న అనడం నేనూ విన్నాను. ఒక ఏడు పత్తి వేయవద్దని అత్త చెబితే, నీకేం పోయిందని ఆయన కసిరాడు. ఆ ఏడు పత్తి పోయింది. అది ఆమె గుర్తు చేయలేదు, నాకే గుర్తుకు వచ్చింది.

"అలాగే" అన్నాను.

"అలాగే అని గట్టు మీద అనడం కాదు. ఆ మాట ఎవరి ముందర అన్నావో ఆయన ముందర చెప్పు. లే, సాలు మధ్యలో వదిలి పోకూడదు."

పొద్దుగుంకేదాకా కోశాం. కూలి చేతికొస్తే ఆమె కొంగున ముడేసుకుంది. నాకూ ఇవ్వబోయి పెద్దావిడ నా బుట్ట చూసి, "నీకిస్తే ఆసామి నన్ను తంతాడు బాబూ" అని మానేసింది.

ఆ రాత్రి స్కీము తిరగరాయడానికి కూర్చున్నాను. వేళ్ళు మండి పెన్ను పట్టుకోలేకపోతే మా ఆవిడ రాసింది, నేను చెప్పాను. "మేనత్త, ఒక వాటా" అని చెబితే ఆమె పెన్ను ఆపి, "మేనత్త అంటే ఎవరి మేనత్తండీ? కాగితం చదివేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?" అంది. అత్త పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాయించాను. అత్తింటి ఇంటిపేరు. నేనెప్పుడూ ఆ పేరు నోటితో పలికి ఎరగను.

తెల్లవారి మొదటి బస్సులో గుంటూరు వెళ్ళాను. మిల్లు గేటు దగ్గర మామయ్యను పిలిపించాను. తల మీద, కనుబొమల మీద దూదిపింజలతో బయటికి వచ్చాడు. నిలబెట్టి కొత్త స్కీము చదివాను.

"ఆవిడకి వాటా ఏంట్రా?" అన్నాడు. "ఇంటి మనిషేగా. రేపు ఆవిడ తర్వాత అదీ నీకే వస్తుంది. ఈమాత్రానికి రాతకోతలెందుకు?"

"ఎందుకంటే మొన్న మీ ముందు నేను అన్న మాట తప్పు మామయ్యా. ఆమె కూర్చుని తినలేదు. మా ఇల్లంతా ఆమె చేసింది తిన్నది. మీ ముందు అన్నాను కనుక మీ ముందే వెనక్కి తీసుకుంటున్నాను. మీకు ఈ స్కీము నచ్చకపోతే పెట్టుబడి వేరే చోట చూసుకుంటాను. పాతది మాత్రం లేదు."

ఇంత ధైర్యం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి, ఆయన ఏడ్చాననుకుని ఉంటాడు. చాలాసేపు దూదిపింజలు దులుపుకున్నాడు.

"మీ అత్త ఏమందేంటి?" అన్నాడు చివరికి.

"నష్టంలో కూడా వాటా రాయమంది."

మామయ్య ముఖం మారింది. "నష్టంలో కూడానా? ఆ మాట నేనే అడగలేదే!" గట్టిగా నవ్వాడు. "సరే పో. అయితే నాకు చెప్పి చేతులు దులుపుకోకు. ఆదివారం వస్తాను. ఆవిడ మంచం మీద కూర్చోవాలి, నువ్వు చదవాలి, నేను వినాలి."

అలాగే జరిగింది. చదువుతున్నంతసేపూ అత్త, "గట్టిగా చదవరా, వినబడట్లా" అంటూనే ఉంది.

ఆ సీజనులో దంచడానికి ఆమెతో పాటు నేనూ రోకలి పట్టాను. వాటాదారు హోదాలో ఆమె నన్ను తిట్టని పూట లేదు. మా స్కీములో సగం లెక్కలు తప్పాయి. సీసాలు దారిలో పగిలాయి, హోటలు వాళ్ళు సరుకు తీసుకుని డబ్బుకు నెల తిప్పారు. ఒక జాడీ తడి తగిలి పాడైతే అత్తే పారబోయించింది, నేను మారు మాట్లాడలేదు. కుర్రాళ్ళ గదుల్లో మాత్రం మేం అనుకున్నదానికన్నా ఎక్కువ అమ్ముడుపోయింది. పెద్ద వ్యాపారం కాలేదు గానీ కొన్నేళ్ళు మా ఇల్లు దాని మీద హాయిగా నడిచింది.

మొదటి వాటా పంచిన రోజు మామయ్య గుంటూరులోనే ఇద్దామన్నాడు. అత్తను బస్సులో తీసుకెళ్ళాను. ఆయన లెక్క చెప్పి, ఆమె వంతు నాకు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆమె చేతికే ఇచ్చాడు. తిరిగి వస్తూ ఒక కాఫీ హోటలు ముందు ఆగిపోయింది. ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదట. బల్ల దగ్గర కూర్చుని, ఇద్దరికీ ఇడ్లీలు చెప్పి, కాఫీ చెప్పి, పక్క బల్ల మీద ఎవరో తింటున్నది చూసి అది కూడా తెమ్మంది. సర్వరు బిల్లు తెచ్చి అలవాటు ప్రకారం నా ముందు పెట్టాడు. నా చెయ్యి జేబులోకి పోయింది.

అత్త నా వంక చూసింది. చెయ్యి బయటికి తీసి, బిల్లు ఆమె ముందుకు జరిపాను. ఆమె కొంగుముడి విప్పి, ఒక్కొక్క నాణెమూ తీరిగ్గా బల్ల మీద పెట్టి, "చట్నీలో ఉప్పు తక్కువైందని చెప్పవయ్యా మీ వాళ్ళకి" అని సర్వరుతో హోటలంతా వినబడేలా అంది.